ప్రొపెల్లర్ చెక్కిన యంత్రం
(జలాంతర్గాముల కథ – 11)

1985 డిసెంబరులో పారిస్‌లోని ఒక కార్యాలయానికి జపాన్ నుంచి ఉత్తరం చేరింది. రాసినవాడు కజువో కుమగాయి. వాకో కోయెకి అనే చిన్న వ్యాపార సంస్థ తరఫున ఏళ్ల తరబడి మాస్కోలో బేరసారాలు నడిపి, చివరికి ఆ ఉద్యోగం వదులుకున్న మనిషి. ఉత్తరం అందుకున్నది కోకామ్. కమ్యూనిస్టు దేశాల చేతికి యుద్ధానికి పనికొచ్చే సాంకేతిక విద్య చేరకుండా కాపలా కాయడానికి అమెరికా, పశ్చిమ ఐరోపా దేశాలు, జపాన్ కలిసి పెట్టుకున్న సంఘం అది. తోషిబా మెషిన్ కంపెనీ తప్పుడు కాగితాలు చూపించి లెనిన్‌గ్రాడ్‌లోని ఓడల కర్మాగారానికి నాలుగు భారీ యంత్రాలు అమ్మిందని కుమగాయి రాశాడు. వాటి పని ప్రొపెల్లర్లు చెక్కడం.

ఆ ఉత్తరం మీద కదలిక రావడానికి ఏడాది దాటింది. వచ్చాక మాత్రం టోక్యో, ఓస్లో, వాషింగ్టన్ మూడూ అట్టుడికిపోయాయి. ప్రొపెల్లర్ రెక్కలు కాస్త నున్నగా వస్తే ప్రభుత్వాలు ఎందుకంత ఉలిక్కిపడాలి? ఆ సంగతి అర్థం కావాలంటే ముందు నీళ్లలో చప్పుడు గురించి తెలుసుకోవాలి.

అణు నౌక తెచ్చిన చిక్కు

గత భాగంలో తొలి అణు జలాంతర్గామి నాటిలస్ కథ చెప్పుకున్నాం. 1955 జనవరి 17న అది అణుశక్తితో కదిలింది. 1958 ఆగస్టు 3న మంచు కింద నుంచి ఉత్తర ధ్రువాన్ని దాటింది. డీజిల్ జలాంతర్గాముల్లా బ్యాటరీలు నింపుకోవడానికి పైకి తేలాల్సిన పని దానికి లేదు. వారాల తరబడి నీళ్లలోనే తిరగగలదు. ఇంతవరకూ బాగానే ఉంది గానీ, అది చేసే చప్పుడు దూరదూరాలకు వినబడేది.

డీజిల్ జలాంతర్గామి మునిగాక ఇంజన్లు ఆపేసి బ్యాటరీ మీద మోటారు తిప్పుకుంటుంది. అందులో కదిలే భాగాలు తక్కువ, చప్పుడూ తక్కువే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లు తమ 21వ రకం జలాంతర్గామికి ఇంకో ఏర్పాటు కూడా చేశారు. పెద్ద మోటార్లతో పాటు, రబ్బరు బెల్టుల మీద నడిచే చిన్న మోటార్లు రెండు పెట్టారు. శత్రువు దగ్గర్లో ఉన్నాడనుకుంటే వాటితో 5 నాట్ల వేగంతో పాక్కుంటూ జారుకోవచ్చు. పళ్ల చక్రాలకు బదులు బెల్టు వాడటం చప్పుడు తగ్గించడానికే.

అణు నౌకకు అలాంటి వెసులుబాటు లేదు. రియాక్టర్‌ను అనుకున్నప్పుడల్లా ఆపి, మళ్లీ వెంటనే రాజేసుకోవడం కుదరదు. దాని వేడిని బయటికి మోసే నీటిని పంపులు రాత్రింబవళ్లు తిప్పుతూనే ఉండాలి. ఆ వేడితో పుట్టిన ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి వేల చుట్లు తిప్పుతుంది. ప్రొపెల్లర్ మాత్రం మెల్లగా తిరగాలి. ఈ రెంటికీ నడుమ వేగం తగ్గించే గేర్లు ఉంటాయి. గేర్ల పళ్లు ఒకదాన్నొకటి తాకినప్పుడల్లా సన్నటి కూత పుట్టి, ఇరుసు వెంట, పునాదుల వెంట నౌక గోడకు, గోడ నుంచి సముద్రానికి పాకుతుంది. విద్యుత్ జనరేటర్ల గుయ్యిమనే ధ్వని దీనికి తోడు. సోవియట్ నౌకల్లో విద్యుత్తు 50 హెర్ట్జ్, అమెరికా నౌకల్లో 60 హెర్ట్జ్. చెవికి అందని ఈ తేడా కాగితం మీద గీతలుగా పడితే, అనుభవజ్ఞుడైన సోనార్ ఆపరేటర్ వచ్చేది ఎవరి నౌకో చెప్పేయగలడు.

నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైనే. వెలుగు, రేడియో తరంగాలు కొద్ది దూరంలోనే హరించుకుపోయే చోట, చప్పుడు మాత్రం వందల మైళ్లు సాగుతుంది. అందుకే 1950ల నుంచి అమెరికా అట్లాంటిక్ అడుగున, ఆ తర్వాత పసిఫిక్ అడుగున, నీళ్లలో చప్పుడు వినే హైడ్రోఫోన్ల వరసలు పరిచింది. సోసస్ అని పిలిచే ఈ ఏర్పాటు ఒడ్డున కూర్చున్నవాళ్లకు నడిసముద్రంలోని సోవియట్ నౌకల కదలికలు వినిపించేది. నౌక ఏ వైపుందో సోసస్ చెబితే, వెతికి పట్టుకుని వెనకాల నడిచే పని విమానాలదీ, జలాంతర్గాములదీ.

ప్రొపెల్లర్ దగ్గర ఏం జరుగుతుంది?

నౌక లోపలి చప్పుళ్లను ఏదో ఒకలా అణచవచ్చు. నేరుగా నీళ్లలోనే తిరిగే ప్రొపెల్లర్‌ను ఏ గోడ వెనక దాచగలం? పెద్ద తలనొప్పి అదే.

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నవాళ్లలో ఆవిరి టర్బైన్ కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ ఒకడు. 1894లో నీళ్లలోకి దించిన టర్బీనియా అనే పడవలో ఎంత శక్తి పెట్టినా అనుకున్న వేగం రాలేదు. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరిగితే రెక్క వీపు వైపు పీడనం బాగా పడిపోతుంది. అక్కడ నీరు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పక్కనే పీడనం ఎక్కువగా ఉన్న చోటికి రాగానే చిట్లిపోతాయి. ఇంజనీర్లు దీన్నే కావిటేషన్ అంటారు. ఎసరు మరగబోయే ముందు గిన్నె అడుగున వినిపించే హోరు కూడా ఇలా బుడగలు పుట్టి నలిగిపోవడం వల్లే. పార్సన్స్ 1895లో చిన్న నీటి సొరంగం కట్టి, అందులో నమూనా ప్రొపెల్లర్‌ను తిప్పి బుడగలను కళ్లారా చూశాడు. తర్వాత ప్రొపెల్లర్ల సంఖ్య పెంచి, భారాన్ని పంచి, 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాల నౌకా ప్రదర్శనలో టర్బీనియాను 34 నాట్ల వేగంతో పరుగెత్తించాడు.

పార్సన్స్‌ను బాధపెట్టింది పోయిన వేగం. జలాంతర్గామి వాళ్లను బాధపెట్టేది చప్పుడు. లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరుగుతుంది గనక బుడగలు పుట్టడం కష్టం. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున కలుస్తుంది. లోతులో నిశ్శబ్దంగా సాగే వేగమే పైకొస్తే బుడగల మోతవుతుంది. అందుకే ఏ లోతులో ఎంత వేగం దాటకూడదన్నది కెప్టెన్లకు ప్రాణాల మీది లెక్క.

బుడగలు లేకపోయినా ప్రొపెల్లర్ పూర్తిగా మూగబోదు. నౌక తోకన ఉన్న చుక్కాని, రెక్కల వెనక నీరు సుడులు తిరుగుతూ వస్తుంది. ప్రొపెల్లర్ రెక్క ఆ సుడిని కోసిన ప్రతిసారీ ఒక దెబ్బ. సాధారణంగా తోకన నాలుగు రెక్కలుంటాయి. ప్రొపెల్లర్‌కూ నాలుగే ఉంటే దెబ్బలన్నీ ఒక్కసారే పడతాయి. అందుకని ప్రొపెల్లర్‌కు అయిదో, ఏడో పెడతారు. రెక్క అంచును కొడవలిలా వంచితే అంచంతా ఒకేసారి సుడిలోకి పోకుండా మొదలు నుంచి చివరి దాకా వరసగా పోతుంది. పెద్ద ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పడం అన్నిటికన్నా మేలు. ఇన్ని వంపులున్న ఆకారాన్ని కాగితం మీద గీయడం వేరు, టన్నుల బరువున్న కంచు పోతను ఏ రెక్కకా రెక్క తేడా రాకుండా చెక్కడం వేరు. తోషిబా యంత్రం అవసరం పడింది ఇక్కడే.

నోరు నొక్కిన నౌకలు

అమెరికన్లు ఈ పనిని తొందరగా మొదలుపెట్టారు. 1953లో నీళ్లలోకి దించిన ఆల్బకోర్ అనే ప్రయోగ నౌక నీటిబొట్టు ఆకారంలో ఉండేది. దానితో చేసిన పరీక్షల ఫలితంగా ఒక్క పెద్ద ప్రొపెల్లరే మేలని తేలింది. 1960లో వచ్చిన తలిబీ గేర్లనే తీసేసింది. టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. నిశ్శబ్దం దక్కింది గానీ వేగం తగ్గింది. 1963 ఏప్రిల్ 10న 129 మందితో మునిగిపోయిన థ్రెషర్, ఆ తరగతి మిగతా నౌకలు యంత్రాలను నేరుగా నౌక గోడకు బిగించకుండా కదలికలు మింగే దిమ్మల మీద, ఒక పెద్ద తెప్పలాంటి చట్రంపై నిలబెట్టాయి. 1969లో వచ్చిన నార్వాల్ రియాక్టర్‌లో మామూలు వేగాల దగ్గర వేడి నీరు తనంతట తానే పైకెక్కి తిరుగుతుంది. పెద్ద పంపుల పనే ఉండదు.

బ్రిటిష్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. ప్రొపెల్లర్‌ను గొట్టంలాంటి తొడుగులో బిగించి, కదలని రెక్కల వరసతో నీటి సుడిని సర్ది పంపారు. పంప్‌జెట్ అనే ఈ ఏర్పాటును చర్చిల్ నౌక మీద పరీక్షించి, 1970ల్లో స్విఫ్ట్‌షూర్ తరగతి నౌకలకు అమర్చారు. అమెరికా తన సీవుల్ఫ్, వర్జీనియా తరగతుల్లో ఆ దారికే వచ్చింది.

ఇదే కాలంలో సోవియట్ ఇంజనీర్లు వేగం, లోతు, రెండు పొరల బలమైన ఒళ్లు, టైటానియం మీద దృష్టి పెట్టారు. వాటిలో వాళ్లకు సాటి లేదు. నిశ్శబ్దం విషయంలో మాత్రం చాలా వెనకబడ్డారు. ఎంత వెనకబడ్డామో వాళ్లకే సరిగ్గా తెలియదు, తమ చప్పుడు అవతలివాడి చెవికి ఎలా వినబడుతోందో చెప్పేవాళ్లు లేరు గనక.

చెప్పేవాడు దొరికాడు. 1967 అక్టోబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలోకి జాన్ వాకర్ అనే అమెరికా నౌకాదళ వారంట్ ఆఫీసర్ తనంతట తానే నడిచి వెళ్లాడు. నార్‌ఫోక్‌లోని జలాంతర్గామి దళ కేంద్రంలో సంకేత సందేశాల విభాగం అతని చేతిలో ఉండేది. డబ్బు కోసం రహస్య సంకేతాల తాళాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఉద్యోగం వదిలాక కూడా స్నేహితుణ్ణి, అన్నను, కన్నకొడుకును ఇందులోకి లాగి 1985 మే నెలలో పట్టుబడేవరకూ ఆ వ్యాపారం సాగించాడు. దాదాపు 18 ఏళ్లు. ఆ సందేశాలు చదివిన మాస్కోకు తమ నౌకల వెనక ఎవరు, ఎంత సులువుగా నడుస్తున్నారో తెలిసొచ్చింది. నిశ్శబ్దం మీద సోవియట్లు పట్టుగా డబ్బు, మనుషుల్ని పెట్టడానికి ఈ ఎరుక పెద్ద కారణం.

నాలుగు యంత్రాల బేరం

1981లో సోవియట్ విదేశీ వాణిజ్య సంస్థ ఒకటి, కుమగాయి పనిచేసిన సంస్థ మధ్యవర్తిత్వంతో, తోషిబా మెషిన్‌తో ఒప్పందం చేసుకుంది. సరుకు ఎంబీపీ-110 అనే యంత్రాలు నాలుగు. ఒక్కోటి సుమారు 250 టన్నులు. కోసే పనిముట్టును ఒకేసారి తొమ్మిది అక్షాల మీద నడపగలవు. అంటే వంపు తిరిగిన రెక్కను చేత్తో అరగదీసే పని లేకుండా, గీసిన గీత మీద నున్నగా చెక్కగలవు. ఇలాంటివి సోవియట్లకు అమ్మడం కోకామ్ నిబంధనలకు విరుద్ధం. అందుకని జపాన్ వాణిజ్య శాఖకు ఇచ్చిన కాగితాల్లో రెండు అక్షాల మామూలు యంత్రాలని రాశారు. వాటిని నడిపే కంప్యూటర్లు నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్ సంస్థ సరఫరా చేసింది. అక్కడి కాగితాల్లోనూ ఇదే అబద్ధం. 1980ల తొలి సగంలో యంత్రాలు లెనిన్‌గ్రాడ్‌లోని బాల్టిక్ కర్మాగారంలో పనికి దిగాయి.

కుమగాయి ఉత్తరం వచ్చాక జపాన్ అధికారులు విచారించారు. తోషిబా మెషిన్ అలాంటిదేమీ లేదంది. మాట నమ్మి కాగితాలు మూసేశారు. 1987 మార్చిలో విషయం అమెరికా పత్రికలకెక్కింది, నార్వే పోలీసులు సాక్ష్యాలు బయటపెట్టారు, ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. జూన్ 30న అమెరికా సెనేట్ తోషిబా సరుకు దిగుమతి నిషేధించాలని 92–5 ఓట్లతో తీర్మానించింది. కాంగ్రెస్ సభ్యులు కొందరు చట్టసభ భవనం ముందు, కెమెరాల ఎదుట, తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. జూలై 1న మాతృసంస్థ తోషిబా ఛైర్మన్ షోయిచి సాబా, అధ్యక్షుడు సుగీచిరో వతారి రాజీనామా చేశారు. తోషిబా అమెరికా పత్రికల్లో పేజీలకు పేజీలు క్షమాపణ ప్రకటనలు వేయించింది. తోషిబా మెషిన్‌కు జపాన్ న్యాయస్థానం వేసిన జరిమానా 20 లక్షల యెన్లు. ఇద్దరు అధికారులకు పడిన జైలుశిక్షలు అమలు కాకుండా ఆగిపోయాయి. 1988 వాణిజ్య చట్టంతో అమెరికా తోషిబా మెషిన్ సరుకును మూడేళ్లపాటు నిషేధించింది.

ఆ రోజుల్లో అమెరికాలో గట్టిగా వినబడిన వాదన ఒక్కటే: సోవియట్ జలాంతర్గాములు ఈ యంత్రాల వల్లే నిశ్శబ్దమయ్యాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన నిలబడదు. నాటో విక్టర్-3 అని పిలిచిన సోవియట్ జలాంతర్గామి 1970ల చివర్లోనే సముద్రంలోకి వచ్చింది. ముందు తరం నౌకల కన్నా అది బాగా నిశ్శబ్దంగా ఉందని అమెరికా నౌకాదళం అప్పుడే గుర్తించింది. అకులా తరగతి మొదటి నౌక 1984లో దూర ప్రాచ్యంలోని కమ్సమోల్స్క్‌లో నీళ్లలోకి దిగింది. దాని నమూనా అంతకు ఏళ్ల ముందే ఖరారైంది. యంత్రాలను చట్రాల మీద తేలగట్టడం, ఒంటి నిండా ధ్వనిని మింగే రబ్బరు పలకలు అంటించడం, గేర్లను సూక్ష్మంగా కోయడం, ఇవేవీ ప్రొపెల్లర్ యంత్రం చేసిపెట్టే పనులు కావు. పైగా, పశ్చిమ ఐరోపాలోని కొన్ని సంస్థలు 1970ల్లోనే ఇలాంటి యంత్రాలు సోవియట్లకు అమ్మినట్టు నార్వే పోలీసుల దర్యాప్తులో తేలింది. తోషిబా తప్పు తప్పే. దొంగ కాగితాలకు సమర్థన లేదు. ఆ యంత్రాల వల్ల సోవియట్ ప్రొపెల్లర్లు మెరుగయ్యాయి కూడా. మొత్తం నిశ్శబ్దాన్ని వాటి ఖాతాలో వేయడం మాత్రం అతిశయోక్తి.

మెల్లగా కదిలే విద్య

వేగంగా పోయేటప్పుడు నిశ్శబ్దం ఒక సవాలైతే, దాదాపు నిలబడి ఉన్నప్పుడు అదుపు తప్పకుండా ఉండటం ఇంకో సవాలు. చుక్కాని, రెక్కలు పనిచేయాలంటే వాటి మీదుగా నీరు పారాలి. వేగం సగమైతే వాటి బలం నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మూడు నాట్ల దగ్గర నౌక సారథి మాట వినడం మానేస్తుంది.

ఈ చిక్కు జలాంతర్గామి అంత పాతది. 1776 సెప్టెంబరులో న్యూయార్క్ రేవులో బ్రిటిష్ యుద్ధనౌక ఈగిల్ మీదకు వెళ్లిన డేవిడ్ బుష్నెల్ జలాంతర్గామి టర్టిల్‌కు ముందుకు లాగే మర ఒకటి, పైకీ కిందికీ కదిపే మర మరొకటి ఉండేవి. రెండూ లోపల కూర్చున్న ఒకే సిపాయి ఎజ్రా లీ చేత్తో తిప్పాల్సినవే. దాడి విఫలమైంది. 1880ల్లో నోర్డెన్‌ఫెల్ట్ జలాంతర్గాములు నిలువుగా అమర్చిన ప్రొపెల్లర్లతో నీళ్లలోకి దిగేవి. మునిగాక ముక్కు పైకో కిందికో ఊగిపోతూ ఒక పట్టాన నిలిచేవి కావు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్య రహస్య పనులకు అక్కరకొచ్చింది. ఒకప్పుడు క్షిపణులు మోసిన అమెరికా నౌక హాలిబట్‌కు పక్కలకు నెట్టే థ్రస్టర్లు అమర్చి, 1970ల మొదట్లో ఒఖోట్స్క్ సముద్రం అడుగునున్న సోవియట్ టెలిఫోన్ కేబుల్ మీద సరిగ్గా నిలబెట్టారు. లోపలి నుంచి గజ ఈతగాళ్లు దిగి కేబుల్‌కు వినికిడి పరికరం తగిలించారు. 1969లో నీళ్లలోకి దించిన ఎన్ఆర్-1 అనే చిన్న అణు జలాంతర్గామికి నాలుగు థ్రస్టర్లతో పాటు, సముద్రం అడుగున దొర్లడానికి టైరు చక్రాలు కూడా ఉండేవి. 1986లో చాలెంజర్ వ్యోమనౌక శకలాలు వెతకడానికి వెళ్లినవాటిలో అదొకటి.

యుద్ధ జలాంతర్గాముల్లోనూ ఈ చిన్న మోటార్లున్నాయి. అమెరికా లాస్ ఏంజెలెస్ తరగతిలో నౌక అడుగు నుంచి కిందికి దించి, కావలసిన దిక్కుకు తిప్పుకునే చిన్న మోటారు ఉంటుంది. రేవులో మెసలడానికి, పెద్ద యంత్రం మొరాయిస్తే ఎలాగోలా ఇల్లు చేరడానికి అది ఆధారం. అకులాకు లోపలికి ముడుచుకునే ఇలాంటి విద్యుత్ ప్రొపెల్లర్లు రెండున్నాయి. టర్బైన్‌నూ గేర్లనూ నిలిపేసి వాటితో 5 నాట్ల దాకా కదలవచ్చు. జర్మన్ల బెల్టు మోటార్ల వెనక ఉన్న ఆలోచనే ఇది: ముఖ్య యంత్రాన్ని ఆపగలిగితే దాని చప్పుడూ ఆగుతుంది.

విశాఖ ఒడ్డున

ఈ కథలోని నౌకల్లో ఒకటి మన తీరానికీ వచ్చింది. అకులా తరగతికి చెందిన నెర్పాను రష్యా నుంచి పదేళ్ల లీజుకు తీసుకుని, 2012 ఏప్రిల్ 4న విశాఖపట్నంలో ఐఎన్ఎస్ చక్ర పేరుతో మన నౌకాదళంలో చేర్చుకున్నారు. 2021లో అది తిరిగి వెళ్లిపోయింది. అదే విశాఖలో ఆర్కే బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర, అంతకు ముందు తరం సోవియట్ డీజిల్ నౌక. 1969లో నౌకాదళంలో చేరింది. దానికి మూడు ప్రొపెల్లర్లు, అకులాకు ఒక్కటే పెద్దది. ఆ రెండు నమూనాల మధ్య సోవియట్ ఇంజనీర్లు నేర్చుకున్న పాఠమంతా ఈ తేడాలో ఉంది. 1969లోనే విశాఖలో మొదలైన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఇవాళ కావిటేషన్ సొరంగం ఉంది. పార్సన్స్ చిన్న తొట్టెలో చూసిన బుడగలను మన శాస్త్రవేత్తలు అక్కడ పరీక్షిస్తున్నారు.

ఇంతకీ తోషిబా వ్యవహారం నేర్పేది ఏమిటి? జలాంతర్గామి చప్పుడు పంపులో, గేరులో, దిమ్మలో, ఒంటి పలకలో, ప్రొపెల్లర్ రెక్కలో, చివరికి సిబ్బంది అడుగులో కూడా పుడుతుంది. అన్నిటినీ విడివిడిగా అణచాలి. ఏ ఒక్కటి మిగిలినా మిగతా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అలాంటి నిశ్శబ్దాన్ని నాలుగు యంత్రాలు కొని తెచ్చుకోలేరు. సోవియట్లకు అన్నిటికన్నా విలువైన సరుకు అందింది టోక్యో నుంచి కాదు, నార్‌ఫోక్ నుంచి. మీ నౌకలు మాకు వినబడుతున్నాయన్న రహస్యాన్ని అమెరికా సొంత అధికారే అమ్మాడు. రేడియోను పగలగొట్టినంత తేలికగా ఆ నిజాన్ని అమెరికా ఒప్పుకోలేకపోయింది. పదేళ్లు తిరక్కుండానే, మెరుగుపరిచిన అకులాలు తక్కువ వేగంలో తమ లాస్ ఏంజెలెస్ నౌకల కన్నా నిశ్శబ్దమని అమెరికా నౌకాదళమే అంగీకరించాల్సి వచ్చింది.

(సశేషం. వచ్చే భాగంలో: మునిగిపోయిన జలాంతర్గామి నుంచి మనుషుల్ని పైకి తెచ్చే రక్షణ వాహనాలు, 2025లో విశాఖలో నౌకాదళంలో చేరిన నిస్తార్.)